ఈపూరుపాలెం తర్వాతి స్టేషన్

చీరాలలో బాపట్ల వైపు పాసింజరు బండెక్కితే, ఈపూరుపాలెం తర్వాత వచ్చేది స్టువర్టుపురం. పెద్ద బళ్లు అక్కడ ఆగవు. ఒక తరం కిందటిదాకా, బండి ఆగకపోయినా సరే, ఆ ఊరి బోర్డు కనబడగానే కిటికీలు దించి సంచులు ఒళ్లోకి లాక్కునే ప్రయాణికులుండేవారు. చీరాల తీరంలోని వాడరేవు జనమూ అందుకు మినహాయింపు కాదు. చేపల గంపతో బాపట్ల సంతకు వెళ్లేవాళ్లు, కాలేజీకి వెళ్లే పిల్లలు, అందరికీ ఆ ఊరి గురించి ఒకటే కథ తెలుసు. అది అక్కడివాళ్లు చెప్పిన కథ కాదు.

2018 ఏప్రిల్ 7, శనివారం. ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్ట్ నగరం, కరారా క్రీడాప్రాంగణం. కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. సమోవాకు చెందిన డాన్ ఒపెలోజ్ 331తో రెండో స్థానంలో, మలేషియా లిఫ్టర్ 328తో మూడో స్థానంలో నిలిచారు. ఆ క్రీడల్లో భారత్‌కు అది నాలుగో బంగారం. అదే రోజు వేలూరు కుర్రాడు సతీశ్ శివలింగం 77 కిలోల్లో మరో బంగారం గెలిచాడు. రాహుల్‌కు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు.

187 కిలోలంటే ఎంతో ఈ డెల్టా మనిషికి వేరే చెప్పక్కర్లేదు. డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తాలు రెండున్నర. చీరాల రైసు మిల్లుల్లో ముఠా కూలీ ఒక బస్తా వీపున వేసుకుని పలకెక్కుతాడు. అదీ వెనకనుంచి ఇంకొకడు ఎత్తి వేస్తే. ఇక్కడ నేల మీదున్నదాన్ని తనే భుజాల మీదికి లాక్కుని, అక్కణ్నుంచి తలపైకి తోసి, మోచేతులు వంగకుండా, కాళ్లు ఒక వరసలోకి తెచ్చి నిలబడాలి. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో కనీసం ఇద్దరు తెల్లదీపం వెలిగించాలి. ఒక్కో పద్ధతిలో మూడేసి అవకాశాలు. పేరు పిలిచాక ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం పదేళ్లు తిండీ నిద్రా లెక్క ప్రకారం గడపాలి.

అలాంటి కుర్రాడు ఆ ఊరినుంచే ఎందుకొచ్చాడని పత్రికలవాళ్లు ఆశ్చర్యపోయారు. దొంగల ఊరినుంచి బంగారం అన్న తరహా శీర్షికలు చాలానే వచ్చాయి. మెచ్చుకోలే అయినా అందులోనూ ఆ పాత మాటే. ఊరి చరిత్ర తెలిస్తే ఆ శీర్షిక పెట్టడానికి చెయ్యి రాదు.

ఆ చరిత్ర ఉప్పుతో మొదలవుతుంది. ఈ తీరంలో చినగంజాం ఉప్పు కొఠార్లు అందరూ ఎరిగినవే. లారీలూ రైళ్లూ లేని రోజుల్లో తీరపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి జిల్లాలకు మోసుకెళ్లి, బదులుగా ధాన్యం తెచ్చిన కులాల్లో ఎరుకులు ముఖ్యులు. తమిళ దేశంలో వాళ్లనే కొరవలంటారు. మగవాళ్లు సరుకు మోసేవారు, ఆడవాళ్లు తట్టలూ బుట్టలూ అల్లేవారు, సోది చెప్పేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో దొరల ఉప్పు పన్ను, దాని వెనకే రైలు, మధ్యలో 1876-78 నాటి ధాత కరువు వచ్చి ఈ వ్యాపారాన్ని తుడిచిపెట్టాయి. బెజవాడ నుంచి మద్రాసుకు తీరం వెంట రైలు నడిచింది 1899లో. అప్పటికే సరుకు మోసే ఎద్దు బరువయిపోయింది. పనిలేక ఊరూరా తిరిగే మనిషి పోలీసు కంటికి దొంగగా కనబడటానికి ఎంతోసేపు పట్టలేదు.

1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద మనిషి నేరం చెయ్యనక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు వేస్తారు, ఊరు దాటాలంటే చీటీ కావాలి. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి బాగుచేసే పని సర్కారు మిషనరీలకు అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీ తరఫున కమిషనర్ ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ముందుకొచ్చాడు. బాపట్ల దగ్గర 1913-14 ప్రాంతంలో సెటిల్‌మెంట్ వెలిసింది. దానికి మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆయనకు అంతకుముందు పోలీసు శాఖలో పెద్ద పదవి చేసిన అనుభవముంది. ఊరు పుట్టుకలోనే పోలీసుంది.

ఆ తర్వాత జరిగింది మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనబడదు. చీరాలలో పొగాకు కంపెనీ, జనం నోట ఐఎల్‌టీడీ, పెద్ద ఎత్తున ఆకు శుద్ధి మొదలుపెట్టింది. దానికి కూలీలు కావాలి. స్టువర్టుపురంలో చీటీ లేకుండా గడప దాటలేని జనమున్నారు. వాళ్లను ఆ ఫ్యాక్టరీకి పంపారు. పారిపోలేని కూలీ కంటే యజమానికి కావలసిందేముంటుంది? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో ఈ ఉప్పు కథనూ పొగాకు కథనూ పాత దస్తావేజుల ఆధారంగా వివరంగా రాశారు. అది చదివాక సంస్కరణ అనే మాటకు చీరాలలో పొగాకు వాసన కొడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడే మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం పోయింది. దాని రద్దుకోసం పోరాడిన తెలుగువాళ్లలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య పేరు ముందు చెప్పుకోవాలి. దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం కాగితం మీంచి పోయినా స్టేషన్లో రిజిస్టరు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు ముందు స్టువర్టుపురం వచ్చేది. నిజంగా దొంగతనాలు చేసినవాళ్లూ లేకపోలేదు, దాన్ని దాచాల్సిన పనీ లేదు. కానీ వందలాది కుటుంబాలు పొలం పనికీ, పొగాకు బేరన్లకూ వెళ్లి బతుకుతుంటే, పేరు మాత్రం నలుగురైదుగురిదే నిలిచింది. 1980ల్లో పోలీసు కాల్పుల్లో పోయిన టైగర్ నాగేశ్వరరావు పేరు అందులో మొదటిది. 1991లో ఒకే ఏడాది ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలొచ్చాయి. ఆ రెండు బొమ్మలకూ చీరాల, తెనాలి, రేపల్లె హాళ్లలో ఈలలు వేసినవాళ్లు, ఆ ఊళ్లో బడి ఉందా అని ఎన్నడూ అడిగి ఉండరు.

అడిగినావిడ ఒకరున్నారు. కవి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం. నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకైన భర్త లవణంతో కలిసి 1970లలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ఆమె స్టువర్టుపురం వెళ్లి కూర్చున్నారు. జైళ్లకు వెళ్లి ఖైదీలతో మాట్లాడారు, వాళ్ల ఇళ్లకు వెళ్లి భార్యలతో మాట్లాడారు, పిల్లల చదువు సంగతి చూశారు. సంస్కార్ అనే సంస్థ ఆ పనిలోంచే వచ్చింది. నాస్తికురాలైన ఒక కవి కూతురు, సాల్వేషన్ ఆర్మీ గంట మోగిన ఊళ్లో ఆ పని చెయ్యడం ఈ ప్రాంతానికే చెల్లిన వింత.

ఈ నేపథ్యంలోంచి రాహుల్ దగ్గరికి రావాలి. 1997 మార్చిలో పుట్టాడు. ఇంట్లో ఆటలున్నాయి. తండ్రి ఆటగాడు, తమ్ముడూ బరువుల పోటీలకే వెళ్లాడు. చెడుగుడు కూతా, సంగిడిరాయీ ఈ పల్లెలకు కొత్త కావు. తిరణాళ్లలో రాయెత్తినవాడికి కండువా కప్పడం డెల్టాలో పాత ముచ్చటే. కొత్తదల్లా రాహుల్ చిన్నతనంలోనే హైదరాబాద్ శివారు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చేరడం. పల్లె కండకు పద్ధతి నేర్పే చోటు అది. బరువులెత్తడంలో బలం సగమే. ఇనుపకడ్డీ ఒంటికి ఆనుకుని నిటారుగా లేవాలి, రెండంగుళాలు ముందుకు తప్పితే ఎంత కండ ఉన్నా చేతికి రాదు. ఆ రెండంగుళాలు దిద్దేది కోచ్ కన్ను.

2014 ఆగస్టులో చైనాలోని నాన్జింగ్‌లో యూత్ ఒలింపిక్స్ జరిగాయి. రాహుల్ 77 కిలోల్లో రజతం తెచ్చాడు. యూత్ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం గెలిచిన తొలి భారతీయుడు అతనే. ఆ క్రీడల మొత్తంలో భారత్‌కు దక్కినవి రెండే పతకాలు. రెండోది బాక్సింగ్ కాంస్యం. 2017లో గోల్డ్‌కోస్ట్‌లోనే జరిగిన కామన్వెల్త్ చాంపియన్‌షిప్‌లో 85 కిలోల్లో బంగారం, ఏడాది తిరక్కుండా అక్కడే కామన్వెల్త్ క్రీడల బంగారం. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చాక, తెలుగు లిఫ్టర్ పేరు దేశమంతా మళ్లీ పలికింది ఆ రోజునే.

రాహుల్ ఓడించిన డాన్ ఒపెలోజ్ సంగతీ కొంత చెప్పుకోవాలి. సమోవా చిన్న దీవుల దేశం. అక్కడ ఒళ్లున్న కుర్రాడి ముందు రగ్బీ దారి పరిచి ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బులు పిలిచి జీతమిస్తాయి. గోల్డ్‌కోస్ట్‌కే టైటాన్స్ అని రగ్బీ లీగ్ జట్టుంది, 2007 నుంచి వృత్తి పోటీల్లో ఆడుతోంది. పదమూడుగురు ఆడే ఆ ఆటలో ఆరుగురు ఫార్వర్డ్‌లు. బంతి చంకన పెట్టుకుని ఎదుటి వరసను ఒంటితో ఢీకొట్టి నాలుగడుగులు సంపాదించడమే వాళ్ల పని. ఆ దెబ్బలకే జీతం, ఒప్పందం, ఏజెంటు. సమోవా జట్టు 2022లో రగ్బీ లీగ్ ప్రపంచకప్ ఫైనల్‌దాకా వెళ్లి ఆస్ట్రేలియా చేతిలో 30-10తో ఓడింది. ఒపెలోజ్ ఇంట్లో మాత్రం బరువులే గెలిచాయి. అతని అక్క ఎలె ఒపెలోజ్ 2008 బీజింగ్ రజతం సమోవాకు తొలి ఒలింపిక్ పతకం.

మన దగ్గర ఒంటి బలానికి అలాంటి బజారు లేదు. చెడుగుడుకు మాత్రం 2014లో ప్రో కబడ్డీ రూపంలో దొరికింది, తెలుగు టైటాన్స్ మొదటి సీజన్ నుంచే ఉంది. రాహుల్ నాన్జింగ్‌లో రజతం గెలిచిన ఏడే అది. వెయిట్‌లిఫ్టర్‌కు లీగు లేదు, వేలం లేదు. రైల్వేలోనో పోలీసుశాఖలోనో మిలిటరీలోనో ఉద్యోగం, పతకం వస్తే సర్కారు నజరానా. పతకం రాని ఏడాది ఎవరూ ఫోను చెయ్యరు. వాడరేవు ఒడ్డున అలివి వల లాగేవాడికైనా ఆ రోజు పాలు ఆ రోజే ముడుతుంది.

పైగా ఈ ఆటలో ఇంకో చిక్కుంది. గెలిచిన మెట్టే మాయమవుతుంది. 2018 నవంబరు నుంచి ప్రపంచ సమాఖ్య బరువు తరగతులన్నీ మార్చేసింది. రాహుల్ బంగారం గెలిచిన 85 పోయి, 81 వచ్చింది, 89 వచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు ఆ 89 కూడా తీసేసి 81, 96 మాత్రమే ఉంచారు. ఎనభై అయిదు కిలోల మనిషి నాలుగు కిలోలు కరిగించుకుని వేగవంతులతో తలపడాలి, లేదా పదకొండు కిలోలు పెంచుకుని తనకంటే పెద్ద ఎముకల వాళ్లతో తలపడాలి. ఒంట్లో మార్పు తేవడం పోటీ నిబంధన మార్చినంత తేలిక కాదు. ఒపెలోజ్ పైకి వెళ్లాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 96 కిలోల్లో 381 ఎత్తి బంగారం పట్టుకెళ్లాడు. అందులో భారత్‌కు వచ్చిన రజతం వికాస్ ఠాకూర్‌ది, 346 కిలోలు. టోక్యోకు భారత్ నుంచి వెళ్లిన లిఫ్టర్ మీరాబాయి చాను ఒక్కతే.

రాహుల్ పతకం గెలిచిన నాటికి వాడరేవు ప్రకాశం జిల్లాలో ఉంది, స్టువర్టుపురం గుంటూరు జిల్లాలో. గుంటూరు కుర్రాడికి బంగారం అని రాశారు అప్పుడు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రెండూ ఒకే గొడుగు కిందికొచ్చాయి. మరుసటి ఏడాది ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా టీజర్ వచ్చింది. ఊరినీ ఎరుకుల కులాన్నీ కించపరిచేలా ఉందంటూ ఆ వివాదం హైకోర్టుకెక్కింది. సినిమా మాత్రం దసరాకు విడుదలైంది. చీరాల హాళ్లకు వాడరేవు నుంచి ఆటోలు నిండుగానే వెళ్లాయి. మరుసటి ఏడాది, 2024లో, ప్యారిస్ ఒలింపిక్స్‌కు 89 కిలోల తరగతిని మళ్లీ చేర్చారు. అప్పటికి రాహుల్‌కు ఇరవై ఏడేళ్లు. భారత్ తరఫున ఈసారీ వెళ్లింది మీరాబాయి ఒక్కతే.