ఆరోగ్యవరంలో క్షయ నుంచి వేరుపడిన జబ్బు

మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం, క్షయకు మందు లేని కాలంలో పుట్టిన ఆసుపత్రి. ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే గుర్తించినా, దానిని అణచగల స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గానీ కనుగొనలేదు. ఆ అరవై ఏళ్లూ వైద్యులకు మిగిలిన దారి, రోగిని పొడిగాలి వీచే మెట్టప్రాంతంలో నెలల తరబడి పూర్తి విశ్రాంతిలో ఉంచి పుష్టికరమైన ఆహారం పెట్టడం. కొందరికి ఊపిరితిత్తిని చుట్టి ఉన్న రెండు పొరల నడుమకు సూదితో గాలి ఎక్కించి, పుండుపడిన ఊపిరితిత్తి ముడుచుకొని కదలకుండా ఉండేటట్లు చేయడం. ఎక్కించిన గాలి మెల్లగా ఇంకిపోతుంది గనుక ఆ సూదిని కొద్ది వారాలకొకసారి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి, మళ్లీ మళ్లీ పొడవవలసి వచ్చేది. ఇంతటి బాధకూ, ఇల్లు విడిచి ఉండే ఎడబాటుకూ, ఊరివారి వెలికీ మనిషిని గురిచేసే ముందు అతనికి ఉన్నది క్షయేనా అని తేల్చుకోవడం వైద్యుడి మొదటి ధర్మం.

ఆ నిర్ధారణకు ముఖ్యమైన ఆధారాలు రెండు. తెమడను గాజుపలక మీద పలచగా పూసి, వేడిచేసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే నీలి నేల మీద సన్నని ఎర్రని కడ్డీల్లా క్షయ క్రిములు కనబడతాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చలు కనబడతాయి. ఈ రెండూ ఒకే మాట చెప్పినప్పుడు సందేహం లేదు. కాని శానిటోరియానికి వచ్చినవారిలో కొందరికి రాత్రిపూట తెరలు తెరలుగా పొడిదగ్గు, ఆయాసం, సన్నజ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలంత చుక్కలు ఉండేవి గాని, తెమడలో మాత్రం క్రిమి దొరికేది కాదు.

అక్కడ దీర్ఘకాలం అధిపతిగా పనిచేసిన డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఈ రోగులను గురించి రాశారు. వీరి నెత్తురులో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు, అంటే పరాన్నజీవులు చేరినప్పుడూ ఉబ్బసం వంటి జబ్బుల్లోనూ పెరిగే కణాలు, విపరీతంగా ఉన్నాయని గమనించి, ఇది క్షయను పోలిన వేరే స్థితి అని వారు ప్రకటించారు. కారణమేమిటో ఆ వ్యాసం తేల్చలేదు. అయినా క్షయ కోసమే కట్టిన ఆసుపత్రిలో కూర్చుని ఇది క్షయ కాదని చెప్పగలగడం, కారణం కనిపెట్టడం కంటే తక్కువ ఘనత కాదు.

1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు 81 మంది రోగుల వివరాలతో లాన్సెట్ పత్రికలో దీనికి ఉష్ణమండల ఇసినోఫీలియా అని పేరుపెట్టి, సవాయికి వాడే ఆర్సెనిక్ సూదిమందు దీనిని తగ్గిస్తోందని చూపాడు. విషగుణం గల మందే అయినా, ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలియకపోయినా, చాలాకాలం అదే దిక్కయింది. 1950లలో బోదకాలు క్రిములకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజైన్, మన మందుల దుకాణాల్లో హెట్రజాన్‌గా పేరుపడిన మాత్ర, ఈ దగ్గునూ త్వరగా తగ్గిస్తోందని తేలడంతో అనుమానం బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిమి వైపు మళ్లింది.

చిక్కు ఒక్కటే: బోదకాలు క్రిమి పిల్లలు రాత్రివేళ నెత్తురులోకి వస్తాయని అందరికీ తెలిసిందే అయినా, ఈ రోగుల నెత్తురును అర్ధరాత్రి తీసి చూసినా అవి కానరావు. 1960లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫ్ గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించినప్పుడు ఆ క్రిమి పిల్లలు అక్కడే, ఇసినోఫిల్ కణాల ముట్టడిలో చిక్కి కనిపించాయి. దోమకాటుతో ఒంట్లో చేరిన ఫైలేరియా మీద కొందరి శరీరం మితిమీరిన తీవ్రతతో తిరగబడి, క్రిమి పిల్లలను నెత్తురులో నిలవనీయకుండా ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపుతుందనీ, ఆ పోరే దగ్గుగా, ఆయాసంగా బయటపడుతుందనీ అప్పటి నుంచి స్పష్టమైంది. మూడు వారాల మాత్రలతో ఎక్కువమంది కోలుకుంటారు. క్షయగానో ఉబ్బసంగానో పొరబడి చికిత్స ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తుల కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది, ఆ పైన మాత్రలు మింగినా ఆ ఆయాసం పూర్తిగా తీరదు.