మధ్యాహ్నం మాత్ర

తలసీమియా అనే రక్తవ్యాధి చరిత్ర రాసేవాళ్లది ఒకటే వరస. 1925లో థామస్ కూలీ జబ్బును వర్ణించాడు, తర్వాత రక్తం ఎక్కించడం, 1960లలో, అలా ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుమును బయటికి తోడే డెస్‌ఫెరాక్సమిన్. అందులో డాక్టర్లున్నారు, మందులున్నాయి, పిల్లలే లేరు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే సింధీ, లోహాణా కుటుంబాలున్న సూరత్ నుంచి చూస్తే ఆ లోటు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

నా దృష్టిలో అసలు మలుపు 1990లలో వచ్చిన, ఇనుమునే తోడే డెఫెరిప్రోన్ మాత్ర. యూరప్ 1999లో, అమెరికా 2011లో అనుమతించిన ఈ మందు మన దేశంలో అంతకుముందే అమ్మకానికొచ్చింది. సూది బాధ తప్పిందనే అందరూ రాశారు. నిజమే. అంతకుముందు డెస్‌ఫెరాక్సమిన్ కోసం వారంలో ఐదారు రాత్రులు, పొట్ట చర్మం కింద సూది, పక్కన పంపు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. గుచ్చేది అమ్మ, పడుకునేది బిడ్డ. మాత్ర మాత్రం రోజుకు మూడుసార్లు. మధ్యాహ్నపు మోతాదు బడివేళలో పడింది. పైగా మూత్రం ఎర్రబారుతుంది. తోటి పిల్లలు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది బిడ్డే. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి జ్వరం తగిలిన వెంటనే టీచరుకు చెప్పాలి. మాత్రను మింగడమూ, దాచేయడమూ రెండూ వాడి చేతిలోకి వచ్చాయి. ఈ మాత్ర అందరికీ అందలేదు, అందరికీ పడలేదు. ఒక్క మాత్రే ఇదంతా చేసిందనీ అనను.

అమెరికాలో 2005లో అనుమతి పొంది, తర్వాత ఇక్కడికీ వచ్చిన డెఫెరాసిరాక్స్ కూడా ఇనుమును తోడే మందే, కానీ రోజుకు ఒక్కసారే. వెసులుబాటే, అయితే బడితో పడిన ముడి వదులైంది.

బిడ్డ మీద పడేది మాత్ర భారమొక్కటే కాదు. సూరత్‌లోని లింబాయత్ మరమగ్గాల వాడల్లో మన తెలుగు నేతకుటుంబాలున్నాయి. నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. దీర్ఘవ్యాధి ఏదైనా సరే, అమ్మకు గుజరాతీ రాకపోతే ఆసుపత్రిలో బిడ్డే దుబాసీ. తన జబ్బు గురించి పెద్దల భాషలో మాట్లాడటం వాడికెవరు నేర్పారు?

2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను, సికిల్ సెల్ అనే మరో రక్తవ్యాధిని వైకల్యాలుగా గుర్తించింది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ ఏడు కోట్లమందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే. అయినా లెక్కంతా పరీక్షలది, వాటి ఫలితం రాసిచ్చే కార్డులది. దక్షిణ గుజరాత్ ఆశ్రమ పాఠశాలలో సికిల్ సెల్ ఉన్న గిరిజన బిడ్డకు కావలసింది మాటిమాటికీ నీళ్లు, చలికి దుప్పటి, నొప్పి మొదలవుతోందని రాత్రివేళ వార్డెన్ తలుపు తట్టే చొరవ. ఆ చొరవకు ఏ కార్డులోనూ గడి లేదు.