నచ్చిన చిత్రకారుని వెంట చరిత్రలోకి

చిత్రకళా చరిత్ర పెద్ద చదువులు చదివినవారికే అందునని మనలో చాలామంది అనుకొంటాము. అది సరికాదు. మనకు నచ్చిన ఒక్క చిత్రకారుని పట్టుకొని, ఆయన ఎక్కడ ఏమి నేర్చెనని అడుగుతూ పోతే చాలు.

మక్బూల్ ఫిదా హుసేన్‌నే తీసుకొందాము. 1915లో పండరిపురంలో పుట్టిన ఆయన, బొంబాయిలో సినిమా బోర్డులకు రంగులు వేసి బ్రతికారు. పెద్ద గీతను జంకక గీయడం అక్కడే అలవడింది. 1948లో ఢిల్లీలో జరిగిన ప్రదర్శనలో గుప్తుల నాటి శిల్పాలను, బసోలీ చిత్రాలను చూశారు. శిల్పాల నుండి నిలువెత్తు మనిషి ఒంపును, బసోలీ నుండి గాఢమైన రంగులను గ్రహించారు. 1952లో చైనా వెళ్లి అక్కడి గుర్రాల బొమ్మలు చూశారు. ఆయన గుర్రాల పరుగులో ఆ చూపు కూడ ఉన్నది.

తెలుగు గడ్డతోనూ ఆయనకు బంధం ఉన్నది. రామమనోహర్ లోహియా సలహాపై, హైదరాబాదులో బదరీవిశాల్ పిత్తీ ఆదరణలో రామాయణ చిత్రాలు వేశారు. ఎర్రని నేలపై కథను వరుసగా నడిపే మన చేర్యాల పటాలను వాటి ప్రక్కన పెట్టి చూస్తే, ఒకే కథను రెండు చేతులు ఎట్లు చెప్పునో తెలియును.

దేవతా చిత్రాలపై నిరసనలు, వ్యాజ్యాలు, దాడులు రాగా 2006లో ఆయన దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పినా తిరిగి స్థిరపడలేదు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకొన్నారు. అక్కడ అరబ్బు నాగరికతపై 99 చిత్రాలు తలపెట్టి, 2011 జూన్‌లో మరణించేనాటికి 35కు పైగా పూర్తిచేశారు. 2025 నవంబరులో దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో ఆయన పేరిట ‘లౌహ్ వ ఖలం’ అనే ప్రదర్శనశాల తెరిచారు.

ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన మన పూర్వులతో, పేరు పొందిన ఆ చిత్రకారుని పోల్చలేము. అయినా ఒక మాట మనకు పనికివచ్చును. క్రొత్త దేశంలో క్రొత్త కథ చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన పాత గీతను పారవేయలేదు. ఆ గీతతోనే క్రొత్త కథ చెప్పారు. పుట్టిన దేశపు భాషనూ భజననూ ఏది ఉంచవలెను, ఏది విడువవలెనని తర్జనభర్జన పడే మనకు ఇది ధైర్యం.

మన యువతీయువకులు ఈ ఏడు ఒక్కొక్క చిత్రకారుని ఎన్నుకొందురు గాక. ఒక బొమ్మను తనివితీర చూచి, ఒకసారి చేతితో గీచి, ‘ఇది ఎవరి నుండి వచ్చినది?’ అని పెద్దలనూ పుస్తకాలనూ అడుగవలెను.