లేసు మేజోళ్ళ అల్లిక

లేసు మేజోళ్ళ అల్లిక అనగా సన్నని దారంతో, సూదులపై, వస్త్రంలో కావాలని రంధ్రాలు వదులుతూ మేజోళ్ళను తయారుచేసే చేతిపని. ఈ రంధ్రాలు వరుసలుగా ఏర్పడి ఆకులు, అలలు, వజ్రాకారాలు వంటి అలంకరణలుగా కనిపిస్తాయి. అల్లేవారు సాధారణంగా ఒక లిఖిత నమూనాను అనుసరిస్తారు. చాలా నమూనాలు ఒకటి రెండు కొలతలకే వ్రాయబడి ఉంటాయి. అందువలన నచ్చిన నమూనాను ధరించేవారి పాదానికి తగినట్లు మార్చుకోవడం ఈ పనిలో ముఖ్యమైన భాగం. సాదా మేజోడును వెడల్పు చేయడానికి కొన్ని కుట్లు పెంచితే సరిపోతుంది. లేసు మేజోడులో అలంకరణ చెదరకుండా కుట్లు పెంచడానికి లెక్క అవసరం.

చరిత్ర

ఇంతవరకు లభించిన అల్లిక మేజోళ్ళలో అతి పురాతనమైనవి మధ్యయుగపు ఈజిప్టుకు చెందినవి. 1562లో మరణించిన ఇటలీ రాజవంశీకురాలు ఎలియొనోరా డి టొలెడో సమాధిలో పట్టు అల్లిక మేజోళ్ళు లభించాయి. 1589లో ఇంగ్లాండుకు చెందిన విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రాన్ని రూపొందించాడు. యంత్రాలు వచ్చిన తరువాత కూడా చేతి అల్లిక కొనసాగింది. 19వ శతాబ్దంలో స్కాట్లాండుకు ఉత్తరాన గల షెట్లాండ్ దీవుల లేసు అల్లిక ప్రసిద్ధి చెందింది. 2002లో నిట్టీ అనే అంతర్జాల పత్రిక, 2007లో రావెల్రీ అనే వెబ్‌సైటు ప్రారంభమైన తరువాత, అల్లేవారు తాము చేసిన మార్పులను ఇతరులతో పంచుకోవడం బాగా పెరిగింది.

అల్లిక సూత్రం

సూదిపై నిలిచి ఉండే ఒక్కొక్క దారపు ఉచ్చును కుట్టు అంటారు. దారాన్ని ఒకసారి సూదిపై వేస్తే కొత్త కుట్టు, దానితో పాటు ఒక రంధ్రం ఏర్పడతాయి. రెండు కుట్లను కలిపి అల్లితే ఒక కుట్టు తగ్గుతుంది. లేసు అంతా ఈ రెండు క్రియలతోనే ఏర్పడుతుంది. పెరిగిన కుట్లు, తగ్గిన కుట్లు సమానంగా ఉంటేనే మేజోడు వెడల్పు మారకుండా ఉంటుంది. కొన్ని నమూనాలలో ఒక చుట్టులో పెరిగిన కుట్లు తరువాతి చుట్టులో తగ్గుతాయి. అటువంటి వాటిలో కుట్లను ప్రతి చుట్టు చివర కాక, సంఖ్య సమమయ్యే చుట్టులోనే లెక్కించాలి.

ఒక అలంకరణకు కావలసిన కుట్ల సమూహాన్ని ఆవృత్తి అంటారు. మేజోడు చుట్టూ ఈ ఆవృత్తి పూర్తి సంఖ్యలో రావాలి. సగం ఆవృత్తి మిగిలితే అలంకరణ తెగిపోతుంది.

కొలతల లెక్క

మేజోడు కాలిని పట్టి ఉండడానికి దాని చుట్టుకొలత పాదపు చుట్టుకొలత కంటే సుమారు 10 శాతం తక్కువ ఉండాలి. ఒక అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో తెలుసుకోవడానికి ముందుగా చిన్న ముక్కను అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలవాలి. తడిపి సాగదీసి ఆరబెట్టినపుడు లేసు విచ్చుకుంటుంది కనుక, ఉతకని ముక్కపై తీసిన కొలత తప్పుదారి పట్టిస్తుంది. ముక్కను కూడా మేజోడు వలెనే గుండ్రంగా అల్లడం మంచిది.

కుకీ ఎ. అనే రూపకర్త 2006 శీతాకాలపు నిట్టీ సంచికలో ప్రచురించిన "మంకీ" అనే నమూనాను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో 16 కుట్ల ఆవృత్తి నాలుగుసార్లు వచ్చి మొత్తం 64 కుట్లు ఉంటాయి. అంగుళానికి 8 కుట్లు వస్తే మేజోడు చుట్టుకొలత 8 అంగుళాలు. ఇది సుమారు 9 అంగుళాల పాదానికి సరిపోతుంది. పాదం 10 అంగుళాలైతే మేజోడు 9 అంగుళాలు, అనగా 72 కుట్లు ఉండాలి. ఒక ఆవృత్తి కలిపితే 80 కుట్లై మేజోడు వదులవుతుంది. ఇటువంటప్పుడు నాలుగు మార్గాలు ఉన్నాయి.

* సూదిని మార్చడం: 64 కుట్లనే కొంచెం లావు సూదులతో, అంగుళానికి సుమారు 7 కుట్లు వచ్చేలా అల్లడం. ఇది అన్నిటికంటే సులభం. అయితే వస్త్రం పలుచనై త్వరగా అరిగిపోతుంది.
* ఆవృత్తుల మధ్య కుట్లు చేర్చడం: ప్రతి ఆవృత్తికి 2 సాదా కుట్లు చేరిస్తే 18 చొప్పున నాలుగు, మొత్తం 72 అవుతాయి.
* పక్కలకు కుట్లు చేర్చడం: మేజోడుకు రెండు పక్కల 4 చొప్పున సాదా కుట్లు వేయడం. అలంకరణ ముందు, వెనుక మార్పు లేకుండా ఉంటుంది.
* ఆవృత్తిని మార్చడం: 12 కుట్ల ఆవృత్తి గల వేరొక లేసును ఆరుసార్లు వేయడం. ఇందులో మొదటి అలంకరణ పోతుంది.

ఇదే నమూనాకు మరొక ప్రసిద్ధమైన మార్పు కూడా ఉంది. ఇందులోని పర్ల్ కుట్లకు బదులు నిట్ కుట్లు వేస్తారు. పర్ల్ కుట్టుకు దారాన్ని ప్రతిసారి ముందుకు తేవలసి ఉంటుంది కనుక, ఈ మార్పు వలన పని వేగవంతమవుతుంది. అయితే లోతుగా కనిపించే నిలువు గాడులు పోయి వస్త్రం చదునుగా మారుతుంది. సాగే గుణం కూడా మారవచ్చు కనుక కొలత ముక్కను మళ్ళీ అల్లాలి.

పాదం, మడమ

పాదం వద్ద లేసును పైభాగానికే పరిమితం చేసి, అరికాలును సాదాగా అల్లుతారు. రంధ్రాలున్న భాగం రాపిడికి నిలవదు. అందుచేత మడమను ఒక కుట్టు అల్లి, ఒకటి అల్లకుండా జారవిడిచే పద్ధతిలో దళసరిగా చేస్తారు. మేజోడు తొడిగేటప్పుడు దాటవలసిన అతి పెద్ద చుట్టుకొలత మడమ వద్దనే ఉంటుంది. కనుక పై అంచు కుట్లను బిగుతుగా వేస్తే పని అంతా వృథా అవుతుంది.

వేళ్ళ భాగంలో రెండు చుట్లకొకసారి 4 కుట్లు తగ్గిస్తారు. 64 నుండి 16కు రావడానికి 24 చుట్లు, 72 నుండి రావడానికి 28 చుట్లు పడతాయి. అందువలన కుట్లు పెంచినవారు వేళ్ళ భాగాన్ని కొంచెం ముందుగా మొదలుపెట్టాలి. మిగిలిన కుట్లను కిచెనర్ కుట్టుతో అతుకు కనబడకుండా కలుపుతారు.

పై అంచు నుండి అల్లే నమూనాను వేళ్ళ నుండి మొదలుపెడితే అలంకరణ తలక్రిందులవుతుంది. పటాన్ని తిప్పి చదివినా అదే రూపం రాదు. తగ్గించే కుట్లు వాలే దిశ మారుతుంది.

జాగ్రత్తలు

లేసును విప్పి మళ్ళీ సూదిపైకి ఎక్కించడం కష్టం. అందుకని ప్రతి ఆవృత్తి చివర, కుట్ల గుండా ఒక సన్నని వేరు రంగు దారాన్ని దూర్చి ఉంచుతారు. తప్పు జరిగితే అక్కడివరకే విప్పవచ్చు. మార్పులను వెంటనే వ్రాసి ఉంచుకోకపోతే రెండవ మేజోడు మొదటి దానికి జత కాదు.

తెలుగునాట లేసు

పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం ప్రాంతం లేసు పనికి పేరుపొందింది. దీనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే అది క్రోషే పని. క్రోషేలో ఒకే కొక్కెపు సూదితో సాధారణంగా ఒక్కొక్క కుట్టునూ ముగించి తరువాతి దానికి వెళతారు. మేజోళ్ళ అల్లికలో కుట్లన్నీ సూదులపై తెరచి ఉంటాయి. ఈ తేడా వలన ఒకదాని నమూనాను రెండవదానికి నేరుగా వాడలేరు.

ఇవి కూడా చూడండి

* అల్లిక
* క్రోషే
* నర్సాపురం లేసు
* ఊలు