పరగృహమున దాచిన వ్రాతలు

అహోబిలమునందు శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దమున సమర్పించిన కానుకలను దెలుపు శిలాశాసనము నేటికిని నిలిచియున్నది. ఆ రాజ్యము లేదు, వ్రాత యున్నది. మన కాలమున నన్ననో, దాచుకొన్న సంస్థ బ్రతికియుండగనే వ్రాతలు నశించినవి.

1994లో అమెరికాదేశమున స్థాపింపబడిన జియోసిటీస్, అంతర్జాలమునందు కోరినవారికెల్ల ఉచితముగా చోటిచ్చెను. చలనచిత్రములకు హాలీవుడ్డు, విద్యాసాహిత్యములకు ఏథెన్సు అని పేటలేర్పడెను. జనులు తమ కుటుంబమును, స్వగ్రామమును, ఇష్టదైవమును గూర్చి పుటలు కట్టుకొనిరి. వానిలో సొగసు తక్కువ, రంగులు మిక్కుటము. అయినను ప్రతిపుటయు యజమాని చేతిపనియే. నేడు మనము తలచి వగచునది ఆ స్వాతంత్ర్యమునే. 1999లో యాహూ ఆ సంస్థను కొనెను. 2009 అక్టోబరు 26న అమెరికాలో మూసివైచెను. ఇంటర్నెట్ ఆర్కైవు మున్నగువారు చేజిక్కినంత కాపాడిరి, తక్కినది పోయెను.

తెలుగువారికి మఱియొక చిక్కు గలదు. 1991లోనే యూనికోడునందు తెలుగక్షరములకు స్థానము లభించినను, అది సామాన్యుల కంప్యూటర్లకు వచ్చుటకు చాలకాలము పట్టెను. అందాక ఒక్కొక్కరొక్కొక్క ఫాంటు వాడిరి. ఆ ఫాంటు దొరకనిచో, మిగిలిన పుటయు చదువరాని శాసనమే.

తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల ఆలయమున శతాబ్దములు మఱుగుపడియుండి, 20వ శతాబ్దమున మరల వెలుగుచూచెను. లాభము తగ్గినదని ఆలయము కొట్టు కట్టివేయదు గదా! వర్తకుని నమ్ముట తప్పుగాదు. నకలుంచుకొనక నమ్ముట తప్పు. మన గ్రామచరిత్రలను, పెద్దల ఛాయాపటములను నేడు ఫేస్‌బుక్కు మొదలగువాని కప్పగించుచున్నాము. అవియు పరగృహములే. కావున ఒక ప్రతి యింటను, ఒక ప్రతి గ్రంథాలయమునను ఉంచుట మన విధి.