ముట్టుకోక తప్పని కప్పు

రెండేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ సేల్‌లో మెన్‌స్ట్రువల్ కప్పు కొన్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు అది నా బట్టల బీరువాలో, తనతోపాటు వచ్చిన చిన్న గుడ్డ సంచీలోనే ఉండిపోయింది. నొప్పి పుడుతుందేమోనన్న భయం కొంత నిజమే. కానీ అసలు సంగతి వేరు. అది వాడాలంటే నా వేళ్లు నాకు తెలియని చోటికి వెళ్ళాలి, నా రక్తాన్ని నేనే చేత్తో పట్టుకుని పారబొయ్యాలి. ఇరవయ్యేళ్ల నుంచి ప్రతి నెలా చూస్తున్న రక్తమే అది, అయినా ముట్టుకోవాలంటే ఏదో అడ్డం.

నాకొక చెడ్డ అలవాటుంది. ఏదైనా చెయ్యడానికి భయమేస్తే దాని చరిత్ర చదువుతాను. ఆఫీసులో కూడా అంతే, పాత కోడ్‌లో చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు దాన్ని ఎవరు, ఎందుకు అలా రాశారో వెతుకుతూ రెండు రోజులు గడిపేస్తాను. ఈ వ్యాసం ఆ ఎనిమిది నెలల వాయిదాలోంచి పుట్టింది.

కప్పు అనగానే ఇది ఈ మధ్య పుట్టిన పర్యావరణ ఫ్యాషన్ అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి దీని వయసు టాంపన్ వయసుకి ఇంచుమించు సమానం. లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి 1935లో పేటెంట్‌కి దరఖాస్తు చేసింది, 1937లో వచ్చింది. మెత్తటి రబ్బరుతో చేసిన చిన్న గంట ఆకారం, కింద పట్టుకోవడానికి చిన్న తోక. ఆ బొమ్మ చూస్తే ఇవాళ మనం అమెజాన్‌లో చూసేదానికీ దానికీ పెద్ద తేడా కనపడదు. అంతకుముందు 19వ శతాబ్దంలోనే ఇలాంటి ఆలోచనలు పేటెంట్ కాగితాల మీద ఉన్నాయి గానీ, అవి నడుముకి బెల్టు కట్టి వేలాడదీసే బాపతు. చామర్స్ ఆ బెల్టులూ పిన్నులూ లేకుండా చేసింది. అదే ఏడాది ఆడవాళ్ల శరీరం గురించి ఒక పుస్తకం కూడా అచ్చేసింది. వస్తువుని అమ్మాలంటే ముందు ఆ శరీరం గురించి మాట్లాడాలని ఆమెకి తెలిసినట్టుంది.

ఇప్పుడు దీని పక్కన అదే దశాబ్దంలోని ఇంకో పేటెంట్ పెట్టి చూడండి. డెన్వర్‌లో ఎర్ల్ హాస్ అనే వైద్యుడు 1933లో టాంపన్‌కి పేటెంట్ తెచ్చుకున్నాడు. లోపల దూది పెట్టుకోవడం ఆయన కనిపెట్టిందేం కాదు, ఎప్పట్నుంచో ఉన్నదే. ఆయన చేర్చింది ఒకదాంట్లో ఒకటి దూరే రెండు అట్ట గొట్టాలు. వాటితో దూదిని లోపలికి తోసేస్తే, వేలు ఎక్కడా తగలదు. గెర్ట్రూడ్ టెండ్రిచ్ అనే వ్యాపారి 32,000 డాలర్లకి ఆ హక్కులు కొని, మొదట్లో ఇంట్లోనే కుట్టుమిషన్ మీద టాంపన్లు కుట్టింది. అదే టాంపాక్స్.

ఒకాయన చెయ్యి తగలకుండా చేశాడు, ఒకామె చెయ్యి పెట్టక తప్పనిది చేసింది. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు కదా.

ఇంకొంచెం వెనక్కి వెళితే ప్యాడ్ కథ కూడా ఇదే దారిలో ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకి కట్టడానికి కింబర్లీ-క్లార్క్ కంపెనీ చెక్క గుజ్జుతో ఒక దూదిలాంటి సరుకు తయారుచేసింది. యుద్ధరంగంలోని నర్సులు దాన్ని తమ నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయిపోయాక మిగిలిన ఆ సరుకే కోటెక్స్ అయింది. అయితే మందుల షాపులో మగ గుమాస్తాని అడగడానికి ఆడవాళ్లు సిగ్గుపడేవాళ్లు. అందుకని కౌంటర్ మీద ఒక డబ్బా పెట్టారు, డబ్బులు అందులో వేసి, పక్కనున్న పొట్లం తీసుకుని, నోరు విప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో మెడికల్ షాపతను న్యూస్‌పేపర్లో చుట్టి, మళ్లీ నల్ల కవర్లో పెట్టి, చిల్లర చేతికివ్వకుండా కౌంటర్ మీద పెట్టేవాడు. డబ్బా లేదంతే.

చామర్స్ కప్పుని మార్కెట్‌కన్నా ముందు యుద్ధం దెబ్బతీసింది. 1942లో జపాన్ మలయానీ, డచ్ ఇండీస్‌నీ ఆక్రమించాక అమెరికాకి రబ్బరు రావడం ఆగిపోయింది. ఉన్న రబ్బరంతా టైర్లకీ యుద్ధ అవసరాలకీ పోయింది. కప్పుల తయారీ ఆగింది. 1950ల చివర్లో రాబర్ట్ ఒరెక్ పెట్టుబడితో టాసెట్ అన్న పేరుతో మళ్లీ ప్రయత్నించారు, ప్రకటనలిచ్చారు. కానీ దేని గురించి ప్రకటిస్తున్నారో ఆ పని పేరు ప్రకటనలో చెప్పకూడదు! పేరు చెప్పకుండా, వాడే పద్ధతి చూపించకుండా, చెయ్యి పెట్టి వాడే వస్తువుని ఎలా అమ్ముతారు? 1960ల మొదట్లో ఆ కంపెనీ మూతపడింది. తర్వాత టాసవే పేరుతో వాడి పారేసే కప్పులొచ్చాయి. కడగడమంటే జనానికి ఇష్టం లేదని అనుకున్నారు కాబోలు. అవీ నిలవలేదు.

మా రంగంలో వాళ్లకి ఇందులోని డబ్బు లెక్క వెంటనే అర్థమవుతుంది. ఒకసారి కొంటే పదేళ్లు వాడే సాఫ్ట్‌వేర్‌ని ఇప్పుడెవరూ అమ్మరు, అందరూ నెలవారీ చందానే వసూలు చేస్తారు. ప్యాడ్ చందాలాంటిది. కప్పు కొన్న మనిషి ఐదేళ్లు, పదేళ్లు మళ్లీ షాపు మొహం చూడదు. అలాంటి వస్తువుకి టీవీలో నీలం రంగు నీళ్లు పోసి చూపించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కాకపోతే కంపెనీల కుట్ర అని సరిపెట్టుకుంటే మన సంగతి తప్పించుకున్నట్టవుతుంది. వద్దనుకున్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఎనిమిది నెలలు నేనూ వాళ్లలో ఒకదాన్నే.

కప్పు మళ్లీ బతికింది 1987లో, అమెరికాలోని ఒహాయోలో. ద కీపర్ అనే రబ్బరు కప్పు అది. అంతకు ఏడేళ్ల ముందు, 1980లో, ప్రాక్టర్ అండ్ గాంబుల్ తన రిలై టాంపన్లని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌తో ఆడవాళ్లు చనిపోయారు. ఎక్కువగా పీల్చుకోవడమే గొప్ప అనుకున్న వస్తువు మీద మొదటిసారి అనుమానం మొదలైంది. 2000 తర్వాత ఇంగ్లండ్‌లో మూన్‌కప్, కెనడాలో దివాకప్ సిలికాన్‌తో వచ్చాయి. రబ్బరు పడనివాళ్లకి ఆ ఇబ్బంది తప్పింది.

ఇక మన ఇంటికొద్దాం. తాకడానికీ నెలసరికీ తెలుగులో ఒకటే మాట, ముట్టు. ముట్టయిన మనిషిని ముట్టుకోకూడదు. కాకి ముట్టిందంటారు, బయట చేరిందంటారు, దూరం అంటారు. అన్నీ చేతికీ శరీరానికీ మధ్య దూరం కొలిచే మాటలే. తెనాలి దగ్గర పల్లెలో మా అమ్మమ్మ ఆ మూడ్రోజులూ పెరటి వసారాలో ఉండేది. వాడిన గుడ్డలు తనే ఉతుక్కుని, ఎండ తగలకుండా ఇంకో చీర కింద దాచి ఆరేసుకునేది. కట్టిన చీర, పడుకున్న దుప్పటి మాత్రం నాలుగోరోజు చాకలామె వచ్చి పట్టుకెళ్ళేది. ఇంట్లో ఎవరూ ముట్టకూడనివి ఆమె ముట్టొచ్చు. "ఆమెకి అదేం అనిపించేది కాదా?" అని అమ్మని అడిగాను. "మాకెప్పుడూ అడగాలనే అనిపించలేదే," అంది అమ్మ.

అమ్మ కాలానికి ప్యాడ్ వచ్చింది. ఉతుకుడు పోయింది, దాచి ఆరేసుకోవడం పోయింది. అది చిన్న విషయం కాదు, ప్యాడ్‌ని తేలిగ్గా తిట్టేవాళ్లు ఎప్పుడూ తడి గుడ్డ కట్టుకుని బస్సెక్కలేదని నా అనుమానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో 64 శాతం మంది శానిటరీ ప్యాడ్లు వాడుతున్నారని తేలింది. 50 శాతం మంది గుడ్డ కూడా వాడుతున్నారు. అంటే చాలామందికి బడికి ప్యాడ్, ఇంట్లో గుడ్డ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ బడుల్లో పిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ వాడిన ప్యాడ్ ఎక్కడికి పోతుంది? పొద్దున్నే చెత్తబండి వస్తుంది. ఘనవ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని విడిగా చుట్టి ఇవ్వాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు చుట్టి ఇస్తున్నారు? కూరగాయ తొక్కల్లోంచి దాన్ని విడదీసేది ఒక పారిశుధ్య కార్మికురాలు, చాలాసార్లు గ్లవ్స్ లేకుండా. నాకు ముట్టాలనిపించని నా రక్తాన్ని రోజూ ఇంకొకామె ముడుతోంది. చాకలామెకీ ఈమెకీ మధ్య యాభై ఏళ్లు గడిచాయి, ఆ పని మాత్రం మా ఇంటికి రాలేదు.

ఈ సంగతి తట్టాక బీరువాలోని సంచీ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అలాగని కప్పుని నెత్తికెత్తుకునే వాదనలన్నీ నమ్మబుద్ధి కాలేదు. నెలసరి వల్ల ఆడపిల్లలు బడి మానేస్తున్నారు, కప్పు ఇస్తే వస్తారు అనేది అందులో ఒకటి. ఎమిలీ ఆస్టర్, రెబెకా థార్న్‌టన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నేపాల్‌లోని చిత్వన్‌లో 198 మంది అమ్మాయిలతో దీన్ని పరీక్షించారు. 2011లో అచ్చయిన ఫలితం ఏంటంటే, నెలసరి వల్ల పోయే బడి ఏడాది మొత్తమ్మీద ఒక్క రోజు కూడా కాదు. కప్పు ఇచ్చినా హాజరు మారలేదు. కడుపునొప్పిని కప్పు ఏం చేస్తుంది? మారిందల్లా గుడ్డలుతికే సమయం, అది తగ్గింది. మరి అది చాలదా? ఆడపిల్లకి ఉతుకుడు తగ్గిందంటే సరిపోదు, హాజరు పట్టీలో కూడా కనపడాలి అనడం నాకు నచ్చదు.

వాళ్ల రెండో పరిశీలన నాకింకా నచ్చింది. కప్పు వాడుతున్న స్నేహితురాళ్లు ఉన్న అమ్మాయిలే త్వరగా అలవాటు పడ్డారు. కావాలా వద్దా అనేదానికన్నా, ఎలా పెట్టుకోవాలో నేర్చుకోవడంలో స్నేహితులు పనికొచ్చారు. 1960ల్లో అమెరికన్ ప్రకటనలు చెప్పలేకపోయింది చిత్వన్‌లో ఒక పిల్ల ఇంకో పిల్ల చెవిలో చెప్పింది. కేరళలోని అలప్పుళలోనూ ఇంతే. 2018 వరదల్లో సహాయ శిబిరాల్లో వాడిన ప్యాడ్లు ఎక్కడ పారెయ్యాలో తెలియక అవస్థపడ్డారు. మరుసటి ఏడాది, అంటే 2019లో, అక్కడి మునిసిపాలిటీలో తింగళ్ పేరుతో 5,000 కప్పులు ఉచితంగా పంచారు. తింగళ్ అంటే చందమామ, మన నెలలాగే. పంచింది హెచ్‌ఎల్‌ఎల్, అంటే ఒకప్పటి హిందుస్తాన్ లేటెక్స్, నిరోధ్ తయారుచేసే ప్రభుత్వ కంపెనీ. ఊరికే పంచేసి ఊరుకోలేదు, ఆడవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడారు. 2022లో ఎర్నాకుళం జిల్లా కుంబళంగి పంచాయతీ కూడా ఆ దారి పట్టింది.

మరి మంచిచెడ్డలు? 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో 43 అధ్యయనాలని, 3,300 మందికి పైగా వాడకందార్లని కలిపి చూసిన సమీక్ష వచ్చింది. కారడం ప్యాడ్, టాంపన్లతో సమానం లేదా తక్కువ. వాడి చూసినవాళ్లలో 70 శాతానికి పైగా కొనసాగిస్తామన్నారు. అయితే అలవాటవడానికి కొన్ని నెలలు పడుతుంది. నాకు మూడు నెలలు పట్టింది. మొదటిసారి తీయడం రాక బాత్‌రూమ్‌లో ముప్పావు గంట కూర్చుని ఏడ్చాను. తోక పట్టి లాగకూడదు, అడుగు నొక్కి గాలి వదలాలి అని ఎవరైనా ముందే చెప్పుంటే బావుండేది. టాక్సిక్ షాక్ కప్పుతోనూ రావచ్చు, ఆ సమీక్షలో ఐదు కేసులున్నాయి, అంటే అరుదు. కానీ పన్నెండు గంటలు దాటి ఉంచకూడదు. కాపర్-టీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు, కప్పుతోపాటు అదీ జారిపోయిన సందర్భాలున్నాయి. పెళ్లి కాని పిల్లకి కన్యాత్వం పోతుందేమో అన్నది మా పిన్ని మొదటి ప్రశ్న. కన్నెపొర సాగొచ్చు, చిరగొచ్చు, కన్యాత్వానికి అది కొలబద్ద కాదు అని చెప్పాను. పిన్నికి నచ్చలేదు.

ఒక విషయంలో మాత్రం చామర్స్ అమెరికా కన్నా మనమే నయం. అక్కడి పబ్లిక్ టాయిలెట్లో నీళ్లు తలుపు బయట, అందరి మధ్యా ఉన్న సింక్‌లో ఉంటాయి. మన బాత్‌రూమ్‌లో చెంబో మగ్గో, పంపో చేతికందే దూరంలో ఉంటుంది. చేత్తో కడుక్కోవడం మనకి చిన్నప్పట్నుంచి తెలిసిన పనే. అయినా హాస్టల్ పిల్లకి ఇదేం సాయపడదు. ముప్ఫై మందికి రెండు బాత్‌రూమ్‌లున్న చోట కప్పు మరిగించుకోడానికి విడి గిన్నె, పొయ్యి ఎక్కడ దొరుకుతాయి? కప్పు చవకైనదే, దానికి కావలసిన ఏకాంతం చవక కాదు. ఆ లెక్క కట్టకుండా హాస్టళ్లకి కప్పులు పంచితే అవన్నీ నా కప్పులాగే గుడ్డ సంచుల్లో ఉండిపోతాయి.

మా ఇంట్లో గిన్నె గొడవ వేరే రకంగా వచ్చింది. అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు గట్టు మీద చిన్న స్టీలు గిన్నె చూసి పాలకనుకుని తీసింది. అదెందుకో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. గిన్నె కింద పెట్టేసి చేతులు కడుక్కుంది. వంటింట్లోనా అంది, అమ్మమ్మ ఉంటే ఏమనేదో అంది. సాయంత్రం నేను ఆఫీసు కాల్‌లో ఉండగా తనే దాన్ని తోమి, అడుగున నా ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టి, విడిగా పై అరలో బోర్లించింది. పాలగిన్నెల్లో కలిసిపోకుండా.