పడవవాళ్ల అర్జీ

మార్చి వచ్చిందంటే పత్రికలకు లాక్‌డౌన్ గుర్తొస్తుంది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశానికంతటికీ తాళం. ఆ తేదీల చుట్టూ ఏదో ఒకటి రాయమని అనుబంధం వాళ్లు అడగడం, సరేననడం ఏటా జరిగే తంతే. ఈసారి కరోనా, వినోదం అన్నారు. సినిమా హాళ్లు, పార్కులు, టూరిజం... గడువు గురువారం.

వినోదం ఆగిపోతే చూసేవాళ్లకు పెద్దగా పోయేదేమీ లేదు. ఇంట్లో కూర్చుని ఇంకోటి చూస్తారు. ఆడేవాడి కథ వేరు. అతని చుట్టూ అల్లుకుని బతికేవాళ్ల కథ ఇంకా వేరు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ 1955 జులైలో మొదలైంది. అనుకోకుండా రోజంతా మూసేసిన సందర్భాలు అప్పటి నుంచి 2020 దాకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కెనెడీ హత్యకు సంతాపంగా ఒకసారి మూశారు, 2001 సెప్టెంబరు 11న ఒకసారి మూశారు. 2020 మార్చి 14న మూసిన గేటు మాత్రం 2021 ఏప్రిల్ 30 దాకా తెరుచుకోలేదు. గేటు లోపల పనిచేసేవాళ్లు సరే, గేటు బయట మోటెళ్లు, బస్సులు, టిఫిన్ బళ్లు నడిపేవాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్న కొత్తది కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట కొందరు పడవవాళ్లు దాన్ని కాగితం మీద పెట్టి దొరగారికి ఇచ్చుకున్నారు. ఈ వ్యాసం నిజానికి వాళ్ల కోసమే రాస్తున్నాను. మిగతాదంతా అనుబంధం వాళ్ల కోసం.

పద్ధతి ప్రకారం రోమ్ నుంచి మొదలుపెట్టాలి కాబట్టి అలాగే కానిద్దాం. క్రీ.పూ. 364లో రోమ్‌లో మహమ్మారి ప్రబలిందట. ఏ పూజకూ అది లొంగకపోతే, దేవతల కోపం చల్లార్చడానికి ఎట్రూరియా నుంచి నాట్యగాళ్లను రప్పించి ఆడించారనీ, రోమన్ రంగస్థలం అలా పుట్టిందనీ చరిత్రకారుడు లివీ రాశాడు. రోగం వస్తే ఆట కట్టించడం మనకు తెలుసు. రోగం వచ్చిందని ఆట మొదలెట్టిన ఊరు ఇది. జర్మనీలోని ఒబెరామెర్గావ్ పల్లెదీ ఇలాంటి కథే. 1633లో ప్లేగు వచ్చినప్పుడు, మమ్మల్ని వదిలేస్తే క్రీస్తు చివరి రోజుల నాటకం ఆడతామని ఊరంతా మొక్కుకుంది. మరుసటి ఏడాది నుంచి ఆ మొక్కు తీరుస్తూనే ఉంది. ఇప్పుడు పదేళ్లకోసారి ఆడుతున్నారు.

ఈ రెంటికీ మధ్య రెండు వేల ఏళ్లున్నాయి. జస్టీనియన్ ప్లేగు, యూరప్‌ను ఊడ్చిపెట్టిన 14వ శతాబ్దపు నల్ల చావు అన్నీ వాటిలోనే వచ్చాయి. దొమ్మరివాళ్లకూ, ఎలుగుబంట్లను ఆడించేవాళ్లకూ అప్పుడు ఏ గతి పట్టిందో రాసిపెట్టినవాళ్లు దాదాపు లేరు. వాళ్లకు రాయడం రాదు, రాయడం వచ్చినవాళ్లకు వాళ్లు పట్టలేదు. కాబట్టి తిన్నగా లండన్‌కు వెళ్దాం.

1592 నాటి లండన్‌లో థేమ్స్ నది మీద ఉన్నది ఒక్కటే వంతెన. ఉత్తరాన నగరం, నగర పెద్దల పెత్తనం. దక్షిణాన బ్యాంక్‌సైడ్, అక్కడ వాళ్ల మాట చెల్లదు. అందుకే ఎలుగుబంటి పందేలు, సానివాడలు, సారా కొట్లు అన్నీ అక్కడే. 1587లో ఫిలిప్ హెన్‌స్లో అనే వ్యాపారి ‘రోజ్’ అనే నాటకశాల కట్టిందీ అక్కడే. ఇతను తాకట్టు వ్యాపారి, ఇళ్లు అద్దెకిచ్చే ఆసామీ కూడా. నాటకం మీద ప్రేమ ఎంతుండేదో గానీ, లెక్క మీద మాత్రం అపారమైన ప్రేమ. ఏ రోజు ఏ నాటకానికి తన వాటా ఎంత వచ్చిందో పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూస్తే 1592 ఫిబ్రవరి 19 నుంచి రోజ్‌లో లార్డ్ స్ట్రేంజ్ కంపెనీ దాదాపు రోజూ ఆడింది. నాటకకర్త మార్లో రాసిన ‘జ్యూ ఆఫ్ మాల్టా’కు వసూళ్లు బాగున్నాయి. జూన్‌లో పద్దులు ఠక్కున ఆగిపోయాయి.

ఆగడానికి మొదటి కారణం రోగం కాదు, కొట్లాట. కుర్ర పనివాళ్లు అదే దక్షిణపు ఒడ్డున సదర్క్‌లో అల్లరి చేశారని జూన్ 23న రాణిగారి మంత్రిమండలి సెప్టెంబరు చివరిదాకా నాటకాలు బంద్ అంది. నగర పెద్దలకు ఇది పండగే. 1577లో ఒక పాదిరీ ఏనాడో తర్కం తేల్చేశాడు: ప్లేగుకు కారణం పాపం, పాపానికి కారణం నాటకం, కనుక ప్లేగుకు కారణం నాటకమే! 1592 వేసవి ముదిరేసరికి ప్లేగు నిజంగానే వచ్చి ఆయన మాట నిలబెట్టింది.

ఇక్కడే మన పడవవాళ్లు రంగంలోకి దిగుతారు. నగరంలోంచి నాటకానికి వెళ్లాలంటే వంతెన మీదుగా చుట్టు తిరిగి నడవాలి, లేదా పెన్నీ ఇచ్చి పడవెక్కాలి. నాటకశాలలో కింద నిలబడి చూడ్డానికీ పెన్నీయే. అంటే సామాన్య ప్రేక్షకుడు నాటకానికెంత పెడుతున్నాడో పడవకూ అంతే పెడుతున్నాడు. నాటకం ఆగితే రేవులో తెడ్లు ఆరబెట్టుకోవాల్సిందే. వాళ్లంతా కూడి నౌకాదళాధిపతి లార్డ్ హోవర్డ్‌కు అర్జీ పెట్టుకున్నారు. మా బతుకు, మా పెళ్లాం బిడ్డల బతుకు ఆ నాటకశాలకు వచ్చే జనం మీదే ఉంది, దయతలచి హెన్‌స్లోను తెరవనివ్వండి అన్నది దాని సారాంశం. దాని వెనక హెన్‌స్లో చెయ్యి లేదని చెప్పడానికి నేనంత అమాయకుణ్ని కాదు. అతని కాగితాల్లోనే అది దొరికింది కదా! అయినా కడుపు మాడింది అబద్ధం కాదు. నటుల కంపెనీ కూడా ఇంకో అర్జీ పెట్టింది. మా బృందం పెద్దది, ఊళ్లు పట్టుకు తిరిగితే ఖర్చులు మోయలేం, విడిపోవాల్సి వస్తుంది అని మొరపెట్టుకుంది. తమ సంగతి చెప్పుకున్నాక, పడవవాళ్లకూ మేలు జరుగుతుందని కలపడం మరిచిపోలేదు.

చిత్రమేమిటంటే మంత్రిమండలి కరిగింది. బీద పడవవాళ్లను తలచి రోజ్ తెరుచుకోవచ్చు అంది. ఒక షరతు పెట్టింది: ఆ చుట్టుపక్కల రోగం లేనంతకాలమే. ఈ కాగితాల మీద తేదీలు లేవు గానీ, 1592 వేసవివేనని ఎక్కువమంది పండితుల మాట. అనుమతి చేతికొచ్చేసరికి ప్లేగు గుమ్మంలోకొచ్చింది. డిసెంబరు 29న తెరిచి, నెల తిరగ్గానే మళ్లీ మూశారు. ఆ నెలలోనే మార్లో కొత్త నాటకం ఒకటి ఆడింది. 1593 మే 30న ఆయన డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకు పోయాడు. 1593లో లండన్‌లో ప్లేగు చావులు పది వేలు దాటాయి.

కంపెనీలు ఊళ్ల మీద పడ్డాయి. స్ట్రేంజ్ కంపెనీతో వెళ్లినవాడు ఎడ్వర్డ్ ఆలెయిన్. ఆనాటికి లండన్‌లో అంత పేరున్న నటుడు లేడు. వయసు 27 కూడా నిండలేదు, హెన్‌స్లో సవతి కూతురు జోన్‌తో పెళ్లయి ఏడాది కాలేదు. బ్రిస్టల్ నుంచి ఆగస్టు 1న ఆమెకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. చిట్టెలుకా అని పిలుస్తాడు. ఇల్లు శుభ్రంగా ఉంచుకో, రోజూ సాయంత్రం వాకిట్లోనూ పెరట్లోనూ నీళ్లు చల్లు, కిటికీల్లో సదాపాకు పెట్టు, ఆపైన దేవుడున్నాడు అంటాడు. అదే ఊపులో నా నారింజరంగు ఊలు మేజోళ్లకు చలికాలానికల్లా మంచి నలుపు రంగు వేయించు అంటాడు. పార్స్లీ వేసిన మడిలో సెప్టెంబరులో పాలకూర చల్లించు, నేను చల్లుదామంటే ఇంటికి వచ్చేసరికి నవంబరవుతుంది, అప్పటికి అదను దాటిపోతుంది అంటాడు. నూటికో కోటికో దొరికే ఉత్తరం ఇది. వేదిక మీద టాంబర్లేన్‌గా చక్రవర్తులను గడగడలాడించిన మనిషి పాలకూర గురించి బెంగపడుతున్నాడు. 2020 ఏప్రిల్లో మనమూ డాబాల మీద కుండీలు పెట్టుకుని చేసింది అదే.

అటునుంచి హెన్‌స్లో రాసిన జవాబుల్లో వేళాకోళం తక్కువ. ఒక్క వారంలో వెయ్యి దాటిన ప్లేగు చావుల లెక్క, చుట్టుపక్కల ఇళ్లలో రోగం, మావాళ్లం మాత్రం బాగున్నామన్న మాట. రాబర్ట్ బ్రౌన్ అనే నటుడు జర్మనీలో ఆటలాడుతుండగా, లండన్ షోర్‌డిచ్‌లో అతని భార్య, పిల్లలు, ఇంటిల్లిపాదీ పోయారు, తలుపులు మూసేశారు అన్న కబురు. సెప్టెంబరులో ఇంకో కబురు. పెంబ్రోక్ కంపెనీ ఊళ్లు తిరిగి తిరిగి, ఖర్చులైనా రాక, అయిదారు వారాల కిందటే ఇల్లు చేరిందట. దుస్తులు తాకట్టు పెట్టుకుందట. ఆ రోజుల్లో నాటక కంపెనీకి దుస్తులే పెట్టుబడి. అవి పోతే ఇక కంపెనీ లేనట్టే. ఈ మాట రాస్తున్నవాడు తాకట్టు వ్యాపారి కాబట్టి దాని బరువు అతనికి తెలుసు.

స్ట్రాట్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక యువ నటుడు మాత్రం ఆ రోజుల్లో నాటకాలు పక్కనపెట్టి కావ్యం మీద పడ్డాడు. 1593లో ‘వీనస్ అండ్ అడోనిస్’, మరుసటి ఏడాది ‘లుక్రీస్’, రెండూ ఒక యువ ప్రభువుకు అంకితం. షేక్‌స్పియర్ లాక్‌డౌన్‌లో ఇంత రాశాడు, మీరేం చేశారు అని 2020లో వాట్సాప్‌లో జనాన్ని సాధించినవాళ్లకు ఒక్క మాట: ఆయన రాసింది కొలువు పోయినందువల్ల, కొత్త దాత కోసం.

1594లో తలుపులు తెరుచుకున్నాయి. 1603లో మళ్లీ ప్లేగు, లండన్‌లో 30 వేలకు పైగా మరణాలు. అప్పటికి షేక్‌స్పియర్ కంపెనీ కొత్త రాజు జేమ్స్ కొలువులో చేరింది. ఆటల్లేక నష్టపోయారని 1604 ఫిబ్రవరిలో రాజుగారు రిచర్డ్ బర్బేజ్ చేతికి 30 పౌండ్లు ఇప్పించారు. అది కంపెనీ మొత్తానికి. పడవవాళ్లకు ఇచ్చినట్టు ఆ పద్దులో లేదు. అయినా వాళ్లు నోరు మూసుకోలేదు. నాటకశాలలు ఉత్తరపు ఒడ్డుకు జారుకోవడం మొదలయ్యాక, 1614 ప్రాంతంలో మళ్లీ రాజుకు అర్జీ పెట్టారు. ఈసారి వాళ్ల తరఫున మాట్లాడింది జాన్ టేలర్, స్వయంగా పడవ నడిపే కవి. రోజుకు మూడు నాలుగు వేల మంది నాటకాల కోసం నది దాటేవారని లెక్క చెప్పాడు. కవి చెప్పిన లెక్క కాబట్టి కొంత తగ్గించి తీసుకున్నా, తక్కువేం కాదు.

అక్కణ్నుంచి కథ పరుగులు పెడుతుంది. 1665 మహా ప్లేగులో లండన్ నాటకశాలలు ఏడాదికి పైగా మూతపడ్డాయి. 1843లో కోపెన్‌హాగెన్‌లో టివొలి, 19వ శతాబ్దం చివర న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో గేటు కట్టిన పార్కులు వచ్చాయి. జాతర ఊరూరా తిరిగే రోజులు పోయి, జనమే జాతర దగ్గరికి రైలెక్కి వెళ్లే రోజులు వచ్చాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో లాస్ ఏంజిలిస్ సినిమా హాళ్లు మూసేసింది. న్యూయార్క్ మూయలేదు, ఆటల వేళలు మార్చి రద్దీ తగ్గించింది. ఏది సరైనదో ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు.

2020 దగ్గరికొచ్చేసరికి నా కథకు ఒక దారీ తెన్నూ కనపడదు. అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. సర్క్ డు సొలేయ్ అనే కెనడా సర్కస్ కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతటా ప్రదర్శనలు ఆపి, సిబ్బందిలో 95 శాతం మందిని ఇంటికి పంపింది. జూన్‌లో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. అమెరికా డిస్నీ పార్కుల్లో కాలేజీ పిల్లలకు పనీ వసతీ కలిపి ఇచ్చే పథకం ఉంది. దాన్ని మార్చిలో ఆపేసి, కొన్ని రోజుల్లో గదులు ఖాళీ చేయమన్నారు. ఫ్లోరిడా పార్కు జులై 11న తెరిచారు. ఆ మర్నాడే ఆ రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 15 వేలు దాటాయి. సెప్టెంబరు 29న డిస్నీ 28,000 మందిని తొలగిస్తున్నట్టు చెప్పింది. వాళ్లలో మూడింట రెండు వంతులు పార్ట్‌టైమ్ వాళ్లు. నవంబరుకు లెక్క 32,000కు పెరిగింది. కాలిఫోర్నియాలో పార్కు అప్పటికీ మూసే ఉంది. 2021 జనవరిలో దాని పార్కింగ్ స్థలంలో టీకాలు వేశారు. గేటు తెరవకపోయినా జనం బారులు తీరారు.

బ్రిటన్ ప్రభుత్వం కళారంగానికి 157 కోట్ల పౌండ్లు ప్రకటించింది. మళ్లీ కట్టిన షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాలకు అందులో దాదాపు 30 లక్షలు దక్కాయి. జేమ్స్ రాజుగారి 30 పౌండ్లతో పోలిస్తే ఘనమే. ఒబెరామెర్గావ్‌లో నాటకం కోసం ఏడాదిగా జుట్టూ గడ్డాలూ పెంచుకున్న ఊరివాళ్లు, 2020 మార్చిలో ఆట 2022కు వాయిదా పడిందని విని మంగలి దగ్గరికి నడిచారు. ప్లేగు వల్ల పుట్టిన నాటకాన్ని ఇంకో మహమ్మారి ఆపింది. ఇంత చక్కటి వ్యంగ్యం చరిత్ర ఊరికే ఇస్తుంటే రాయకుండా ఉండలేం.

హైదరాబాద్‌లో చిరంజీవి ముందుండగా సినిమావాళ్లు కరోనా క్రైసిస్ చారిటీ పెట్టి, రోజుకూలీ సినీ కార్మికులకు సరుకులు పంచారు. యూనియన్ కార్డు ఉన్నవాడికి దారి దొరికింది. షూటింగుల పక్కన బండి పెట్టుకుని టీ అమ్మినవాడికి కార్డెక్కడిది?

పార్కులు తెరిచాక రేట్లు పెరిగాయి. జనం విరగబడి వచ్చారు. డిస్నీలో వరస తప్పించే పాసులు అదివరకు ఉచితం, 2021 అక్టోబరు నుంచి వాటికీ డబ్బులే. తీసేసినవాళ్లు వేరే పనులు చూసుకోవడంతో మనుషులు దొరకడం లేదని హోటళ్లవాళ్లు వాపోయారు. ఇది పడవవాళ్ల కథలో లేని మలుపు, దీన్ని దానికి అతికించాలని నేను ప్రయత్నించను.

మన నాంపల్లి నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టినది. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్, జెయింట్ వీల్, మిర్చీ బజ్జీ. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర. 2021లో అసలు పెట్టలేదు. 2022 జనవరి 1న గవర్నర్ చేతుల మీదుగా తెరిచి, ఒమిక్రాన్ భయంతో ఒకటి రెండు రోజుల్లోనే మూసేశారు. శాలువాలవాళ్లు మూటలు విప్పడం కూడా పూర్తికాలేదు. ఫిబ్రవరి 25న మళ్లీ తెరిచారు. అప్పటికి హైదరాబాద్‌లో ఎండలు మొదలయ్యాయి. శాలువాల బేరం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.